చింపని చీటీ

పోయినవారం మనం తీఖన్ అర్కాద్యెవిచ్‌ని ఒక పాత భవనం మూడో అంతస్తులో, కాలింగ్ బెల్ మీద వేలు పెట్టి, నొక్కాలా వద్దా అని తేల్చుకోలేకుండా ఉన్నప్పుడు వదిలేసి వచ్చాం. వారం రోజులుగా ఆయన అలాగే నిలబడి ఉన్నాడని బెంగ పెట్టుకోకండి. మనకి వారం గడిచింది గానీ, ఆయనకింకా నిమిషం కూడా కాలేదు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. వోల్గా ఒడ్డున వోలొకోవ్ అనే ఈ చిన్న ఊళ్లో తీఖన్ నదీ రవాణా కళాశాలలో డ్రాయింగు మాస్టారు. యాభై రెండేళ్లవాడు, పెళ్లాం పిల్లలు లేరు. ఉన్న వ్యసనమల్లా ఒకటే, యుద్ధకాలంలో సైనికులకి పతకాలతో పాటు ఇచ్చిన కాగితాలు పోగుచెయ్యడం. పతకాలు కాదు సుమండీ, కాగితాలే. అరచేతిలో పట్టే ఎర్రట్ట పుస్తకాలు, కందకంలో మోకాలి మీద పెట్టుకుని రాసిచ్చిన తాత్కాలిక ధ్రువపత్రాలు. ఒక్కో కాగితం దొరగ్గానే దాని మీదున్న పేరు పట్టుకుని, ఆ మనిషి ఎవరు, ఏం చేస్తే ఇచ్చారు, తర్వాత ఏమయ్యాడు అని నెలల తరబడి తవ్వుతాడు. లోహానికి నోరు లేదు, కాగితానికి ఉంది అంటాడు.

ఈ వసంతంలో పాత పోస్టుకార్డుల పెట్టె అడుగున అతనికొక పుస్తకం దొరికింది. సార్జెంట్ ఓసిప్ కుదేలిన్, ఎర్ర నక్షత్ర పతకం, 1945 ఫిబ్రవరి. కంప్యూటర్లో పెట్టిన పాత దస్త్రాలు వెతికితే, ఆ పతకానికి పైవాళ్లు రాసిన సిఫార్సు కాగితం కూడా బయటపడింది. గడ్డకట్టిన నది మీద, శత్రువు కాల్పుల మధ్య, ఓసిప్ ముప్ఫై నాలుగు మందుపాతరలు చేత్తో తీసేశాడట. అడుగున కుటుంబం వివరాలు ఉన్నాయి: భార్య అగ్రఫేన, కూతురు పెలగేయా, వోలొకోవ్, నూలుమిల్లు కూలీల బారకాసులు. సొంత ఊరి పేరు చూసి తీఖన్ ఆ వరసని మళ్లీ మళ్లీ చదివాడు. కానీ అవే దస్త్రాల్లో ఇంకో జాబితా ఉంది. అందులో అదే ఓసిప్ 1942 సెప్టెంబరులో ఆచూకీ లేకుండా పోయాడు. ఇంటికి వెళ్లిన కబురు అదే. రెండో కబురు వెళ్లినట్టు ఎక్కడా లేదు.

ఆ కూతురు బతికే ఉంది. పెలగేయా ఓసిపొవ్నా, ఎనభై రెండేళ్లు, పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసే పని చేసి రిటైరైంది. తండ్రి యుద్ధంలో పోయాడని డెబ్భై ఏడేళ్లుగా నమ్ముతున్న మనిషికి, ఆయన చావలేదమ్మా, బతికుండి కూడా ఇంటికి రాలేదు అని ఎలా చెప్పడం? ఇంకొక సంగతి కూడా ఆ పుస్తకంలో ఉంది. అది తలుచుకునే తీఖన్ వేలు బెల్ మీద ఆగిపోయింది.

బెల్ అతను నొక్కలేదు. తలుపే తెరుచుకుంది. ఎదురింటి తలుపు.

"ఎవరయ్యా నువ్వు? ఇందాకటి నుంచి చూస్తున్నా, తలుపుకి దణ్ణం పెట్టేవాడిలా నిలబడ్డావు!" జుట్టుకి గుడ్డ చుట్టుకున్న ఒక లావుపాటావిడ గరిటెతో సహా బయటికి వచ్చింది. "పోల్యా! ఒసే పోల్యా! ఎవడో సంచీ పట్టుకుని వచ్చాడు. నీళ్ల మీటరంటాడు, పెన్షన్ పెంచుతామంటాడు, దేని మీదా సంతకం పెట్టకు!"

"అరవకు రయీసా, నాకు చెవుడు రాలేదింకా." లోపలి నుంచి గొళ్లెం తీసిన చప్పుడైంది. పోల్యా అంటే పెలగేయాకి ముద్దుపేరు. తలుపు సందులోంచి చిన్న మొహం, తెల్లటి కనుబొమలు, వాటి కింద ఇంకా మసకబారని నీలం కళ్లు కనిపించాయి. "నీళ్ల మీటరువాడు బూట్లు తుడుచుకుని రాడే. ఈయన రెండుసార్లు తుడుచుకున్నాడు. చప్పుడు విన్నాను. రా నాయనా."

"ఫోన్ చేశాను కదండీ. తీఖన్‌ని. కళాశాల నుంచి..."

"పాత కాగితాల మనిషివి. తెలుసు. ఇంట్లో తొడుక్కునే చెప్పులు అక్కడున్నాయి, తొడుక్కో. పెద్దవి తీసుకో, నీలంరంగువి మా ఆయనవి, మడమ దగ్గర చిరిగాయి."

తీఖన్ చిరిగిన చెప్పులే తొడుక్కున్నాడు. కంగారులో అన్నీ అలాగే అవుతాయి.

గది కిటికీ నది వైపుంది. జూన్ నెల. పాప్లార్ చెట్ల దూది ఊరంతా రాలుతోంది. తెరిచిన రెక్కలోంచి అది తాపీగా లోపలికి తేలి వచ్చి, బల్ల మీదా, మంచం మీదా, రేడియో మీదా వాలుతోంది. ఆవిడ దాన్ని ఊడ్చే ప్రయత్నమేదీ చేసినట్టు లేదు. కింద వోల్గా కదులుతోందో లేదో తెలియనంత నెమ్మదిగా ఉంది. ఆవలి ఒడ్డు పొగమంచులో సగం కరిగిపోయి, చెట్లో మబ్బులో తేల్చి చెప్పలేనట్టుంది. ఎక్కడో పడవ ఒకటి కూత వేసింది. ఆ కూత కూడా నిద్రలోంచి వచ్చినట్టే ఉంది. తీఖన్‌కి తను వచ్చిన పని ఒక్క క్షణం గుర్తు లేదు. కాసేపు అలా కూర్చుని, టీ తాగి, ఏమీ చెప్పకుండా లేచి వెళ్లిపోతే ఎంత బాగుండును అనిపించింది.

ఆవిడ కాబేజీ పూర్ణం పెట్టిన రొట్టె కోసి ముందు పెట్టింది. కెటిల్లో నీళ్లు కాగుతున్నాయి. తీఖన్ సంచీలోంచి తెల్లటి నూలు తొడుగులు తీసి వేళ్లకి ఎక్కించుకున్నాడు.

"అదేమిటోయ్? ఆపరేషన్ చేస్తావా నాకు?"

"కాదండీ, చేతి జిడ్డు కాగితానికి తగలకూడదని."

"అయితే రొట్టె తొడుగులతోనే తింటావా?"

తీఖన్ నవ్వబోయి ఊరుకున్నాడు. "పెలగేయా ఓసిపొవ్నా గారూ, మీ నాన్నగారి ఫోటో ఏదైనా ఉంటే చూద్దామని వచ్చాను. విజయదినం నాడు ఊరేగింపులో అందరూ యుద్ధంలో పోయిన తమవాళ్ల ఫోటోలు పట్టుకుని నడుస్తారు కదా. మీ దగ్గర కూడా..."

"నేను నడవను."

"అంటే, కాళ్లు నొప్పులా?"

"కాళ్లకేం, గుండ్రాళ్లలా ఉన్నాయి. ఈ రయీసా ప్రతి మేనెలా ప్రాణం తోడేస్తుంది. మీ నాన్న వీరుడే, ఫోటో కట్టించవేమే, కర్రకి తగిలించి పట్టుకోవేమే అని. నేను పట్టుకోను." ఆవిడ టీ గ్లాసుని ఇత్తడి పిడిలో దించి అతని ముందు పెట్టింది. "యుద్ధంలో పోయినవాళ్ల మధ్య ఆయన్ని మోసుకెళ్లడం అబద్ధం అవుతుంది. ఆయన యుద్ధంలో పోలేదు నాయనా."

తీఖన్ నోరు వెళ్లబెట్టాడు. మూడు వారాలుగా నీళ్లు నములుతూ, ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి, గుండెపోటు వస్తే ఏ మాత్ర ఇవ్వాలి అని రాత్రులు మేలుకుని సిద్ధం చేసుకున్న మాటలన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి. పైగా ఆవిడ ఆ మాట చెప్పిన తీరు చూస్తే, టీలో చక్కెర తక్కువైందని చెప్పినట్టే ఉంది.

"మీకు తెలుసా?"

"నీకూ తెలుసన్నమాట. అందుకే తలుపు దగ్గర అంతసేపు తచ్చాడావు." ఆవిడ ఎదురుగా కూర్చుంది. "ఏం తెచ్చావు? చూపించు."

తీఖన్ పుస్తకం తీశాడు. దళసరి కాగితంలో చుట్టి, దాని మీద పల్చటి కాగితం చుట్టి, పసిపిల్లని పొత్తిళ్లలోంచి తీసినట్టు తీశాడు. ఎర్రటి అట్ట రంగు వెలిసి ఇటుకపొడిలా అయింది. అట్ట మీద గుండ్రటి మరక ఒకటి ఉంది. ఫ్రంటులో కొత్త పతకాన్ని వోడ్కా పోసిన మగ్గులో వేసి, మగ్గు ఖాళీ అయ్యాకే ఛాతీకి తగిలించుకునేవారు. ఆ మగ్గు కాసేపు దీని మీద ఆగి ఉంటుంది.

ఆవిడ ముట్టుకోలేదు. చూస్తూ కూర్చుంది. దూది ఒకటి వచ్చి అట్ట మీద వాలితే తీఖన్ ఊదబోయాడు, ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండనీ. అదేం చేస్తుంది."

కొంచెంసేపటికి, కిటికీ వైపు చూస్తూ, ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. తీఖన్‌కి తర్వాత ఎంత గుర్తు చేసుకున్నా ఆ గొంతు ఎత్తుగానీ వేగంగానీ ఎక్కడా మారినట్టు తోచలేదు.

"నలభై ఆరు ఆగస్టు. నాకు తొమ్మిదేళ్లు. అప్పటికి మేం మిల్లు బారకాసుల్లో లేం. అమ్మ యెఫీమ్ గారింటికి వచ్చేసింది. ఆచూకీ లేదని కాగితం వచ్చి రెండేళ్లు చూసి, అప్పుడు వచ్చింది. ఎవరూ తప్పు పట్టలేదు. ఆ రోజుల్లో ఎవరు ఎవర్ని తప్పు పడతారు? యెఫీమ్ రేవులో బస్తాలు మోసేవాడు. మంచివాడు. పాత టైరు కోసి నాకు బూట్లు కుట్టిచ్చాడు. మే నెలలో మా తమ్ముడు కోస్త్యా పుట్టాడు. ఆ వేసవి అమ్మ పాడటం మొదలుపెట్టింది. అంతకుముందు నాలుగేళ్లు అమ్మ నోట పాట వినలేదు నేను. అసలు అమ్మకి పాటలు వచ్చని మర్చిపోయాను. ఉయ్యాల ఊపుతూ పాడేది. తలుపు బయట కూర్చుని వినేదాన్ని. అర్థమవుతోందా?"

"అవుతోంది."

"ఆ రోజు యెఫీమ్‌కి అన్నం పట్టుకుని రేవుకి వెళ్లాను. నది ఎగువ నుంచి పడవ వచ్చింది. జనం దిగారు. అందరికన్నా ఆఖర్న ఒక సైనికుడు. చేతిలో చెక్కపెట్టె. ఇక్కడ" అని ఎడమ కనుబొమ తాకి చూపించింది, "ఇక్కడ కోసినట్టు గీత ఉంది. మాకు గోడ మీద ఫోటో ఉండేది. యెఫీమ్ ఇంటికి వచ్చాక అమ్మ దాన్ని పెట్టె అడుగున పెట్టేసింది. నేను తీసి చూసేదాన్ని. ఆ గీత నాకు కంఠతా వచ్చు."

పడవ మళ్లీ కూత వేసింది. ఇప్పుడు కొంచెం దగ్గరగా.

"నా దగ్గరికే వచ్చాడు. వంగి, ఎవరి పిల్లవమ్మా నువ్వు అన్నాడు. అంత మెల్లగా అడిగాడు. ఆయనకి అనుమానం వచ్చింది, నాకు తెలుసు. నాలుగేళ్లప్పుడు వదిలి వెళ్లిన పిల్ల తొమ్మిదేళ్లకి ఎలా ఉంటుందో ఆయన దారిపొడుగునా ఊహించుకునే ఉంటాడు." ఆవిడ ఆగింది. "యెఫీమ్ గారి పిల్లని అన్నాను. నీ పేరేమిటి అన్నాడు. లీదా అన్నాను."

తీఖన్ తొడుగుల చేతులు ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు.

"అమ్మ పాట ఆగిపోతుందని అలా చెప్పాను. అంతే. తొమ్మిదేళ్ల బుర్రకి అంతకన్నా ఏం తోస్తుంది? జేబులోంచి చక్కెర ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. దానికి పొగాకు పొడి అంటుకుని ఉంది. మా అమ్మా నాన్నా వేరే ఊరు వెళ్లారు, ఇంట్లో ఎవరూ లేరు అని కూడా చెప్పాను. ఆయన తల ఊపి వెళ్లి రేవులో బల్ల మీద కూర్చున్నాడు. నేను గిడ్డంగి వెనక నిలబడి చూశాను. మూడు గంటలు కూర్చున్నాడు. తర్వాత పడవ వస్తే ఎక్కేశాడు. ఆ చక్కెర తినలేదు నేను. నదిలో పారేశాను. ఆ కరువు ఏడాది ఈ దేశంలో చక్కెర నదిలో పారేసిన పిల్లని నేనొక్కదాన్నే అయివుంటాను."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు చూసి తీఖన్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. అతను దాచుకోలేదు.

"అమ్మకి చెప్పలేదా?"

"చెప్తే బతుకుతుందా? డెబ్భై తొమ్మిదిలో పోయింది అమ్మ. ఆఖరి రోజున మంచం పక్కన కూర్చుని కూడా నోరు తెరవలేదు. ఆవిడ గుండె పగలకూడదని ముప్ఫై మూడేళ్లు నేను ఒక్కదాన్నే మోశాను. ఇదిగో, ఇప్పుడు నీకు చెప్పాను, నువ్వెవరో కూడా నాకు సరిగా తెలియదు. నాకు కావాల్సింది ఒక్కటే నాయనా. నీ కాగితాలు మాట్లాడతాయని ఫోన్లో గొప్పలు పోయావు కదా. అడిగి చెప్పు. ఆయన నా మాట నమ్మి వెళ్లిపోయాడా? నా ఒక్క మాటకి ఇక ఈ ఊరి మొహం చూడలేదా?"

ఇదీ తీఖన్ ఎవరికీ చెప్పలేకపోయిన రెండో సంగతి. అతను పుస్తకం చివరి పేజీలు తెరిచాడు. పతకం ఉన్నవాళ్లకి ఆ రోజుల్లో ఏడాదికోసారి రైల్లోనో పడవలోనో ఉచితంగా వెళ్లిరావచ్చు. దానికి చిన్న చిన్న చీటీలు ఇచ్చేవారు. ఒక్కో చీటీ రెండు సగాలు: వెళ్లడానికొకటి, రావడానికొకటి. టికెట్టు కౌంటరు దగ్గర సగం చింపేసుకునేవారు, పుస్తకంలో మిగిలిన మొదలు మీద వెళ్లిన ఊళ్లోనే, దిగినప్పుడొకటి, తిరిగి ఎక్కినప్పుడొకటి ముద్ర కొట్టేవారు. తీఖన్ 1946 చీటీ మొదళ్లు చూపించాడు. రెండు సగాలూ చింపి ఉన్నాయి. రెండు మొదళ్ల మీదా వోలొకోవ్ రేవు ముద్ర ఉంది.

"రాక ఆగస్టు పదిహేడు," అని చదివి ఆగాడు.

"పోక?"

"ఆగస్టు పదిహేడు."

ఆవిడ తల ఊపింది. "ఒక్క రోజు కూడా ఉండలేదు. సరిగ్గానే గుర్తుంది నాకు." చేత్తో బల్ల మీది దూదిని ఒక దగ్గరికి చేర్చసాగింది. చిన్న కుప్ప అయింది. "నా వల్లే. ఇన్నాళ్లూ ఎక్కడో ఆశ ఉండేది, నేను చూసింది కలేమో అని. ఇప్పుడు ముద్ర కూడా చూపించావు."

తీఖన్‌కి తనని తాను తన్నుకోవాలనిపించింది. కాగితం నిజం చెబుతుందని పాతికేళ్లుగా మురిసిపోయిన మనిషికి, నిజం వినే మనిషి ఎదురుగా కూర్చుంటే ఎలా ఉంటుందో ఇవాళే తెలిసింది.

"దీని తర్వాత పేజీ ఏదీ?" అంది ఆవిడ.

"అంటుకుపోయిందండీ. నలభై ఏడు చీటీ దీని వెనకే ఉండాలి. ఎప్పుడో బంక తగిలి పట్టేసింది. పల్చటి చాకుతో పదిరోజులు అంచులు కదిపి చూశాను, విడలేదు. బలవంతం చేస్తే చిరుగుతుంది. మాస్కోలో ఒకాయన ఉన్నాడు, ఆయనకి పంపి..."

"ఇలా ఇవ్వు."

"వద్దండీ!"

"నలభై ఏళ్లు పోస్టాఫీసులో ఉన్నాను. అంటుకున్నది ఎలా విడుతుందో నాకు నేర్పుతావా?" పుస్తకం ఆవిడ చేతిలోకి ఎలా వెళ్లిందో తీఖన్‌కి తెలియలేదు. ఎనభై రెండేళ్ల మనిషి అంత చురుగ్గా లేస్తుందని అతను అనుకోలేదు. కెటిల్ మూతి దగ్గర ఆవిరి తెల్లగా పైకి లేస్తోంది. ఆవిడ పుస్తకాన్ని దాని మీద వాల్చి పట్టుకుంది.

"అయ్యయ్యో, ఆవిరి తగలకూడదండీ! లోపల కాపీయింగ్ పెన్సిలు రాత ఉంటే, తడికి ఊదా సిరాలా కరిగి మొత్తం అలికిపోతుంది!"

"అరవకు. రయీసా గరిటెతో వస్తుంది."

"ఊళ్లోవాళ్ల ఉత్తరాలు ఇలాగే విప్పేవారా మీరు?"

"నేను విప్పలేదు. సర్కారు తరఫున విప్పేవాళ్ల పక్క బల్ల మీద పనిచేశాను. చూసి నేర్చుకున్నాను."

తీఖన్ రెండు చేతులూ గాల్లో పెట్టి, పట్టుకోలేక, లాక్కోలేక, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ఆవిడ బొటనవేలి గోరు పేజీల అంచు మీద మెత్తగా జరిగింది. ఆవిరి ఆ సందులోకి దూరింది. పేజీ కొంచెం ఉబ్బింది, నిట్టూర్చినట్టు చిన్న చప్పుడు చేసింది, విడిపోయింది.

1947 చీటీ. వెళ్లే సగం లేదు, చింపేశారు. మొదలు మీద ముద్ర ఉంది: వోలొకోవ్ రేవు, జూన్ ఆరు. తిరిగి వచ్చే సగం మాత్రం అలాగే ఉంది. చింపని చీటీ. కొత్తగా అచ్చేసినట్టు నాలుగు అంచులూ సాపుగా ఉన్నాయి.

ముందు తేరుకున్నది తీఖనే.

"మళ్లీ వచ్చాడండీ. మరుసటేడే వచ్చాడు. పెలగేయా ఓసిపొవ్నా గారూ, మీ మాట నమ్మి శాశ్వతంగా వెళ్లిపోలేదు! చూడండి, తిరుగు చీటీ వాడలేదు. అంటే..." అతను వేలితో చీటీ అంచు చూపించాడు. "అంటే ఈ ఊరి నుంచి మళ్లీ వెళ్లలేదు."

పుస్తకం ఇంకా ఆవిరిలోనే ఉంది. ఆవిడ చీటీని వెనక్కి తిప్పింది. అప్పటిదాకా అక్కడ బూడిదరంగు గీతల్లా తప్ప ఏమీ లేదు, ఏ పెన్సిలు గీకుడో అనుకుని వదిలేయవచ్చు. ఆవిరి తగిలిన చోట ఆ గీతలు రంగెక్కుతున్నాయి. పై నుంచి ఒక్కో అక్షరం ఊదారంగులోకి లేస్తోంది. పాతికేళ్లు తడికి భయపడి కాగితాలని దాచిపెట్టిన తీఖన్ కళ్ల ముందే, తడి కోసమే కాచుకున్నట్టు ఆ రాత మేలుకుంటోంది. అతను ఆనందించాలో ఏడవాలో తెలియక, అలవాటు కొద్దీ పుస్తకాన్ని చటుక్కున ఆవిరిలోంచి లాగేశాడు. అప్పటికి రెండు పంక్తులు పూర్తిగా తేలాయి. కింద మూడో పంక్తి ఇంకా బూడిదరంగులోనే ఉంది.

ఓస్యా, వెళ్లకు. శనివారం ఆవలి ఒడ్డుకి వస్తాను.
పోల్యాకి తెలియనివ్వకు.

"ఓస్యా అంటే ఓసిప్. ఎవరు రాశారో?" అన్నాడు తీఖన్. "ఇది సార్జెంట్ రాత కాదు. ఆయన సంతకం మొదటి పేజీలో ఉంది, అది వేరు."

"నలభై ఏళ్లు ఈ ఊరి చేతిరాతలన్నీ నా చేతుల మీదుగా పోయాయి నాయనా." ఆవిడ కుర్చీ వెతుక్కుని కూర్చుంది. "ఇంత పొడుగ్గా, ఇలా ఎడమవైపు వాలి, పడిపోతామేమోనని ఒకదాన్నొకటి పట్టుకున్నట్టు రాసే మనిషి ఒక్కతే. మిల్లులో రాత్రిబడికి పోయి నేర్చుకుంది. మా అమ్మ."

తీఖన్ కూడా కూర్చున్నాడు.

ఆవిడ మొదట ఏడ్చిందో నవ్విందో అతను చెప్పలేడు. భుజాలు కదిలాయి, అంతే. "నేను ఆవిడ దగ్గర దాచాను. ఆవిడ నా దగ్గర దాచింది. ఒక గదిలో, ఒక బల్ల దగ్గర, నా పెళ్లయ్యేదాకా ఒక కుండలో సూపు తాగాం ఇద్దరం. అబ్బ, ఎంత పిచ్చివాళ్లమో చూడు! ఒక్క మాట, ఒక్కరు ఒక్క మాట అనుంటే..." చేత్తో మొహం తుడుచుకుంది. "ఆవలి ఒడ్డున మాకు బంగాళాదుంపల మడి ఉండేది. ఇంత మడి, ఈ గదంత ఉంటుంది. అమ్మ శనివారం శనివారం పడవెక్కి వెళ్లేది. నేనొస్తానంటే వద్దనేది, దోమలుంటాయనేది. అంత మడికి అన్ని శనివారాలు ఏం పని అని నేను ఒక్కసారీ అడగలేదు. యెఫీమ్ కూడా అడగలేదు. ఆయనే పొద్దున్నే లేచి అమ్మ బూట్లు తుడిచి గుమ్మంలో పెట్టేవాడు."

"ఎప్పటిదాకా వెళ్లారు?"

ఆవిడ కళ్లు మూసుకుంది. కిటికీలోంచి వచ్చిన గాలికి బల్ల మీది దూది కుప్ప చెదిరి మళ్లీ గదిలోకి లేచింది.

"యాభై ఎనిమిది శరదృతువు. నాకు అప్పటికి పెళ్లయింది, అమ్మని చూడ్డానికి వచ్చాను. శనివారం పొద్దున వెళ్లిన మనిషి మధ్యాహ్నానికే వచ్చేసింది. దుంపల్లేవు, పారా లేదు. బూట్ల నిండా మట్టి. మడి మట్టి నల్లగా ఉంటుంది. అది పసుపుపచ్చ మట్టి, లోతు నుంచి తవ్వితే వచ్చే మట్టి. కడుగుతానంటే ముట్టుకోనివ్వలేదు. అలాగే గుమ్మంలో వదిలి వెళ్లి పడుకుంది. ఆ తర్వాత ఏ శనివారమూ వెళ్లలేదు. పాట కూడా పాడలేదు." ఆవిడ కళ్లు తెరిచి తీఖన్ వైపు చూసింది. "నాన్న అక్కడే ఉన్నాడు. పదకొండేళ్లు అక్కడే ఉన్నాడు. ఈ కిటికీలోంచి కనిపించే చోట."

తీఖన్ ఆవలి ఒడ్డు వైపు చూశాడు. పొగమంచు కొంచెం పలచబడింది. ఒక కొండవాలు, దాని మీద భూర్జ చెట్లు, చెట్ల మధ్య నీలిరంగు కంచె తునక లీలగా కనిపిస్తున్నాయి. ఆవలి ఊరి శ్మశానం కంచె అదేనని ఇద్దరికీ తెలుసు.

అతని చూపు మళ్లీ చీటీ మీదికి వెళ్లింది. ఎంత వద్దనుకున్నా వెళ్లింది, పాతికేళ్ల వ్యసనం ఒక్కరోజులో పోతుందా. మూడో పంక్తి బూడిదరంగులో, తల వంచి చూస్తే ఉన్నట్టు, తిప్పితే లేనట్టు ఉంది. కెటిల్ ఇంకా పొగలు కక్కుతోంది. చెయ్యి చాపితే చాలు.

"ఇంకొక లైను మిగిలిందండీ," అన్నాడు మెల్లగా.

"చూశాను."

"ఆవిరి పట్టిద్దామా?"

ఆవిడ లేచి, గోడకున్న కొక్కెం మీంచి పూల రుమాలు తీసి తలకి చుట్టుకుని, గడ్డం కింద గట్టిగా ముడి వేసింది. తర్వాత తన చేత్తోనే, తొడుగులు లేని చేత్తోనే, పుస్తకం మూసి గుండెకి హత్తుకుంది. తీఖన్ అభ్యంతరం చెప్పలేదు.

"ఆ లైను ఇక్కడ చదవను. అమ్మ రాసింది ఆయనకి. ఆయన దగ్గర కూర్చుని చదువుతాను, ఆయన కూడా వింటాడు. పడవ ఎన్నింటికి?"

"రెండున్నరకి. కానీ పెలగేయా ఓసిపొవ్నా గారూ, అక్కడ ఏ గుర్తు ఉందో, అసలు ఏ పేరుతో పెట్టారో కూడా మనకి..."

"ఏ పేరుతో పెడితే ఏం? వెతుకుదాం. నీ పనే అది కదా." ఆవిడ అప్పటికే గుమ్మంలో బూట్లు తొడుక్కుంటోంది. ఎదురింటి తలుపు మళ్లీ తెరుచుకుంది, రయీసా గరిటె పట్టుకుని నిలబడింది. ఆవిడ పట్టించుకోలేదు. గోడ పట్టుకుని నిటారుగా నిలబడి, తీఖన్ వైపు చెయ్యి చాపింది.

"ఆ రోజు నాన్న నా పేరు అడిగితే దొంగ పేరు చెప్పాను. పద నాయనా, వెళ్లి అసలు పేరు చెప్పి వద్దాం."